ఒకే డిస్క్‌లో విండోస్, లినక్స్: లినక్స్ భాగానికి ఏ బ్యాకప్ పద్ధతి ఎంచుకోవాలి?

తిరుపతిలో డీటీపీ పని చేసేవారికి విండోస్ లేకుండా రోజు గడవదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లు అక్కడే ఉన్నాయి, వాటిని తెరవడానికి ఆ విండోసే కావాలి. మరోవైపు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భౌతిక, గణిత శాస్త్రాలలో పరిశోధన చేసే విద్యార్థులలో చాలామందికి లేటెక్, పైథాన్, ఆర్ వంటివి లినక్స్‌లోనే సౌకర్యంగా నడుస్తాయి. రెండు రకాల పనీ చేసే నా వంటివారు ఒకే కంప్యూటర్‌లో రెండింటినీ పెట్టుకుంటారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిన తరువాత, పాత కంప్యూటర్‌ను పారేయలేక పక్కన ఉబుంటునో లినక్స్ మింట్‌నో ఎక్కించుకున్నవారు నాకు తెలిసినవారిలోనే ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది విండోస్ ఫైళ్లను ఎక్కడో ఒకచోట దాచుకుంటున్నారు గాని, రెండో సిస్టమ్ పాడైతే దానిని ఎలా వెనక్కి తెచ్చుకోవాలో ఆలోచించి పెట్టుకోలేదు. ఆ ఎంపికలో సాయపడటానికే ఈ వ్యాసం. లినక్స్ రెండో సిస్టమ్‌గా ఉన్న కంప్యూటర్‌నే ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

డ్యూయల్ బూట్ డిస్క్, అంటే రెండు సిస్టమ్‌లు ఉన్న డిస్క్, ఒకే ప్రహరీలో రెండు కాపురాలు ఉన్న ఇంటి వంటిది. గదులు వేరువేరు, వీధి వాకిలి మాత్రం ఉమ్మడి. డిస్క్‌లో విడగొట్టిన ఒక్కో భాగాన్ని పార్టిషన్ అంటారు, అందులో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫైల్ వ్యవస్థ అంటారు. విండోస్ గది ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్, లినక్స్ గది సాధారణంగా ఎక్స్‌టీ4 పార్టిషన్, ఇద్దరూ లోపలికి వచ్చే వాకిలి బూట్ ఫైళ్లు ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్. ఒక్క సిస్టమ్ మాత్రమే ఉన్న కంప్యూటర్‌కు చెప్పే బ్యాకప్ సలహాను ఇక్కడ ఉన్నదున్నట్టు పాటిస్తే, ఒక కాపురాన్ని బాగుచేయబోయి రెండో కాపురాన్ని పడగొట్టే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఏ సాధనాన్ని చూసినా నేను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది లినక్స్‌ను తిరిగి నిలబెట్టేటప్పుడు విండోస్ జోలికి వెళుతుందా, వెళ్లదా?

అసలు రీస్టోర్ అవసరమా అన్నది కూడా చూసుకోవాలి. విండోస్ పెద్ద అప్‌డేట్ తరువాత ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ కనిపించకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే, లినక్స్ పోయిందని కంగారుపడి బ్యాకప్ డిస్క్ తీసేవారిని చూశాను. చాలాసార్లు లినక్స్ ఎక్కడికీ పోదు, బూట్ వరుసలో విండోస్ ముందుకు వచ్చి కూర్చుంటుంది, అంతే. కంప్యూటర్ ఆన్ చేయగానే డెల్, లెనోవో యంత్రాలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి బూట్ మెనూ తెరిస్తే ఉబుంటు పేరు అక్కడే కనిపిస్తుంది. అది కనిపిస్తే సెట్టింగ్‌లలో వరుస మార్చుకోవడమే పని. 2024 ఆగస్టులో విడుదలైన విండోస్ భద్రతా అప్‌డేట్ తరువాత కొన్ని డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోక, షిమ్ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్ భద్రతా నియమాన్ని ఉల్లంఘించిందంటూ సందేశం వచ్చింది. అటువంటి స్థితిలో పాత ఇమేజ్‌ను, అంటే డిస్క్‌నో పార్టిషన్‌నో ఉన్నదున్నట్టు తీసిన నకలును, రీస్టోర్ చేస్తే అదే పాత షిమ్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది గాని సమస్య తీరదు. నమ్మకమైన బూట్ ప్రోగ్రామ్‌లనే అనుమతించే సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, అప్‌డేట్లు చేసుకుని, మళ్లీ ఆన్ చేయడమే అక్కడ సరైన దారి. జబ్బు వాకిలి దగ్గర ఉందో గదిలో ఉందో తేల్చుకోకుండా మందు వేయకూడదు.

గదిలోనే జబ్బు ఉన్నదని తేలితే, అది మూడు రకాలలో ఒకటై ఉంటుంది. అప్‌డేట్ వల్లనో డ్రైవర్ వల్లనో సిస్టమ్ చెడిపోవడం ఒకటి. డిస్కే పాడైపోవడం, లేదా పార్టిషన్ పొరపాటున చెరిగిపోవడం రెండోది. సిస్టమ్ బాగానే ఉండి మన ఫైళ్లు పోవడం మూడోది. ఈ మూడింటికీ ఒకే మందు లేదు. ఒక సాధనం మంచిదా మరొకటి మంచిదా అని వాదించుకునేవారు తరచుగా వేరువేరు జబ్బులను మనసులో పెట్టుకుని వాదిస్తుంటారు.

మొదటి జబ్బుకు, సిస్టమ్ స్థితిని స్నాప్‌షాట్లుగా (ఆ క్షణపు నకళ్లుగా) దాచే టైంషిఫ్ట్‌కు సాటి మరొకటి నాకు కనిపించలేదు. ఇప్పుడు లినక్స్ మింట్ బృందం దీనిని నిర్వహిస్తున్నది, మింట్‌లో ముందే ఉంటుంది, ఉబుంటులో విడిగా ఎక్కించుకోవచ్చు. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ పద్ధతిలో మొదటి స్నాప్‌షాట్ సిస్టమ్ అంత చోటు తీసుకుంటుంది. తరువాతివి మారిన ఫైళ్లను మాత్రమే కొత్తగా రాసి, మారనివాటికి పాత కాపీనే చూపే హార్డ్ లింకులు పెట్టుకుంటాయి కాబట్టి అంత బరువు కావు. అప్‌డేట్ వికటించిందంటే నిన్నటి స్నాప్‌షాట్ ఎంచుకుని రీస్టోర్ నొక్కితే చాలు. డెస్క్‌టాప్ కూడా తెరుచుకోని స్థితిలో మింట్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) నుంచి కంప్యూటర్‌ను తెరిచి, అందులోని టైంషిఫ్ట్ నుంచే అదే పని చేయవచ్చు. మన ప్రశ్నకు వస్తే, ఇది విండోస్ పార్టిషన్‌ను తాకదు.

దాని పరిధి మాత్రం గుర్తుంచుకోవాలి. టైంషిఫ్ట్ హోమ్ ఫోల్డర్‌ను మామూలుగా వదిలేస్తుంది, అంటే మీ థీసిస్, ఫోటోలు, మెయిళ్లు అందులో ఉండవు. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. పది రోజుల క్రితపు స్నాప్‌షాట్‌కు సిస్టమ్‌ను వెనక్కి తిప్పినప్పుడు మీరు నిన్న రాసిన అధ్యాయం కూడా పది రోజులు వెనక్కి పోకూడదు కదా. స్నాప్‌షాట్లు లినక్స్ ఫైల్ వ్యవస్థ ఉన్న పార్టిషన్ మీదనే ఉండాలి, విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ మీద కుదరదు. పైగా స్నాప్‌షాట్లన్నీ అదే డిస్క్‌లో పెట్టుకుంటే, డిస్క్ పోయిన రోజున అవీ దానితోనే పోతాయి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (మరో లినక్స్ ఫైల్ వ్యవస్థ) పద్ధతిలో స్నాప్‌షాట్ క్షణాలలో తయారవుతుంది గాని, అది ఆ పార్టిషన్ లోపలే ఉంటుంది కాబట్టి డిస్క్ చావుకు అదీ మందు కాదు.

రెండో జబ్బుకు క్లోనెజిల్లా, దాని వరుసలోనే వచ్చే రెస్క్యూజిల్లా. ఇవి కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి, లోపలి సిస్టమ్ నిద్రలో ఉండగా పార్టిషన్‌ను ఇమేజ్‌గా తీస్తాయి. ఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్ వంటి తెలిసిన ఫైల్ వ్యవస్థలలో వాడిన భాగాన్ని మాత్రమే తీసుకుని కుదిస్తాయి కాబట్టి, 100 జీబీ పార్టిషన్‌లో 35 జీబీ మాత్రమే నిండి ఉంటే ఇమేజ్ అంతకంటే తక్కువలోనే సర్దుకోవచ్చు. క్లోనెజిల్లా తెర అక్షరాలతో, ప్రశ్నల వరుసతో ఉంటుంది. రెస్క్యూజిల్లాలో మౌస్‌తో నొక్కుకుంటూ పోవచ్చు, క్లోనెజిల్లా తీసిన ఇమేజ్‌లను కూడా అది చదువుతుంది. మొదటిసారి చేసేవారికి నేను రెస్క్యూజిల్లానే సూచిస్తాను. ఆంగ్ల ప్రశ్నలను తొందరలో సగం చదివి నొక్కేసే అవకాశం అక్కడ తక్కువ.

ఆ తొందర ఎంత పని చేస్తుందో నేను అనుభవించాను. మూడేళ్ల క్రితం ఒక అప్‌డేట్ తరువాత నా లినక్స్ తెరుచుకోలేదు. నాలుగు నెలల క్రితం తీసిన ఇమేజ్ నా దగ్గర ఉంది, కాని అది పార్టిషన్‌ది కాదు, డిస్క్ మొత్తానిది. క్లోనెజిల్లా తుడిచిపెట్టబోయే డిస్క్ వివరాలను తెర మీద చూపి, కొనసాగించమంటారా అని ఒకసారి కాదు, రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వై నొక్కాను. లినక్స్ చక్కగా తిరిగి వచ్చింది. విండోస్ కూడా నాలుగు నెలల వెనక్కి వెళ్లింది. ఒక తెలుగు థీసిస్‌లో దిద్దుబాట్లు పూర్తయిన మూడు అధ్యాయాల పేజ్‌మేకర్ ఫైళ్లు ఆ నాలుగు నెలలలోనివే. ప్రూఫు కాగితాలు మిగిలి ఉండబట్టి పదకొండు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేయగలిగాను. అప్పటి నుంచి డ్యూయల్ బూట్ కంప్యూటర్‌లో డిస్క్ మొత్తం ఇమేజ్‌ను కొత్త డిస్క్ కొన్నప్పుడు మాత్రమే వాడుతున్నాను. లినక్స్‌ను బాగుచేసుకోవడానికైతే ఇమేజ్ తీసేటప్పుడే పార్టిషన్లను భద్రపరిచే ఎంపికను తీసుకుంటాను, తిరిగి పెట్టేటప్పుడు కూడా ఆ ఒక్క పార్టిషన్‌నే ఎంచుకుంటాను.

పార్టిషన్ ఇమేజ్‌లో ఇంకొన్ని చిక్కులు ఉన్నాయి. ఇమేజ్‌ను పెట్టే పార్టిషన్ అసలుదాని కంటే చిన్నది కాకూడదు, లోపల నిండినది 35 జీబీయే అయినా 100 జీబీ పార్టిషన్‌కు 100 జీబీ చోటు చూపవలసిందే. పాత 500 జీబీ హార్డ్ డిస్క్‌ను తీసి 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనేవారు ఇక్కడే చిక్కుకుంటారు. వారు ఇమేజ్ తీయడానికి ముందే జీపార్టెడ్‌తో పార్టిషన్‌ను తగ్గించుకోవాలి. పైగా పార్టిషన్ పేరు ఇమేజ్ తీసిననాటి పేరుతో సరిపోవాలని క్లోనెజిల్లా ఆశిస్తుంది. పాత సాటా డిస్క్‌లో ఎస్‌డీఏ5గా ఉన్నది కొత్త ఎన్‌వీఎంఈ డిస్క్‌లో వేరే పేరుతో కనిపిస్తుంది కాబట్టి, ఆ మార్పును విడిగా చెప్పవలసి వస్తుంది. మారిన ఫైళ్లను మాత్రమే చేర్చుకుంటూ పోయే సౌకర్యం క్లోనెజిల్లాలో లేదు, ప్రతిసారీ మొత్తం తీయవలసిందే. అందువల్ల ఇది రోజువారీ బ్యాకప్‌గా పనికిరాదు. మూడు నెలలకు ఒకసారి, లేదా పెద్ద వెర్షన్ మార్పుకు ముందు తీసుకునేది ఇది.

ఇక ఉమ్మడి వాకిలి. లినక్స్ పార్టిషన్‌ను ఎంత పదిలంగా తీసుకున్నా, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మరచిపోతే కొత్త డిస్క్‌లో లినక్స్ తెరుచుకోదు. ఇది ఎఫ్‌ఏటీ32 పార్టిషన్, విండోస్ చేసినదైతే తరచుగా 100 మెగాబైట్లే ఉంటుంది. దీనిని ఇమేజ్‌గా తీయడం కంటే లోపలి ఫోల్డర్లను మామూలుగా కాపీ చేసి పెట్టుకోవడమే నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే వెనక్కి పెట్టేటప్పుడు ఉబుంటు ఫోల్డర్‌ను మాత్రమే పెట్టి, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌ను ఉన్నచోటే వదిలేయవచ్చు. మింట్ వాడేవారికి కూడా ఆ ఫోల్డర్ పేరు ఉబుంటు అనే ఉంటుంది. మొత్తం ఇమేజ్‌ను పెడితే పాత విండోస్ బూట్ ఫైళ్లు కూడా వచ్చి, విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీని ఏ పని మొదలుపెట్టడానికైనా ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఫోల్డర్ వచ్చినా మదర్‌బోర్డ్‌లో ఉబుంటు పేరు నమోదై ఉండకపోవచ్చు, అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి.

దీనితో ముడిపడినదే యూయూఐడీ. లినక్స్ తన పార్టిషన్లను పేరుతో కాక, ఫైల్ వ్యవస్థకు ఉన్న పొడవాటి గుర్తింపు సంఖ్యతో వెదుక్కుంటుంది, ఆ సంఖ్య ఎఫ్‌స్టాబ్ అనే చిన్న ఫైల్‌లో రాసి ఉంటుంది. క్లోనెజిల్లా ఇమేజ్‌తో ఆ సంఖ్య కూడా వస్తుంది కాబట్టి గ్రబ్ దానిని గుర్తుపడుతుంది. పార్టిషన్‌ను కొత్తగా ఫార్మాట్ చేసి ఫైళ్లను కాపీ చేస్తే మాత్రం సంఖ్య మారిపోతుంది, నల్లటి తెర మీద గ్రబ్ రెస్క్యూ అన్న మాట తప్ప మరేమీ రాని రోజున కారణం చాలాసార్లు ఇదే. ఎఫ్‌స్టాబ్‌లో కొత్త సంఖ్య రాసి, గ్రబ్‌ను మళ్లీ తయారు చేయించుకోవాలి.

మూడో జబ్బుకు, అంటే సొంత ఫైళ్లకు, డేజా డూప్ వంటి సులభమైన ప్రోగ్రామ్ గాని, ఆర్‌సింక్ గాని సరిపోతుంది. ఆర్‌సింక్ మారినవాటిని మాత్రమే పంపుతుంది కాబట్టి రోజూ నడిపినా భారం కాదు. గమ్యం ఏ ఫైల్ వ్యవస్థ అన్నదే ఇక్కడ అసలు విషయం. హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ డిస్క్ మీదకు నేరుగా కాపీ చేస్తే ఫైల్ యజమాని, అనుమతుల వివరాలు పోవచ్చు. ఉదాహరణకు, అందరూ చదవగలిగేలా అనుమతులు మారిపోయిన వేరే కంప్యూటర్లలోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీని లినక్స్ తీసుకోనంటుంది. బాహ్య డిస్క్‌ను విండోస్‌తో పంచుకోవలసి వస్తే, హోమ్ ఫోల్డర్‌ను టార్ మూటగా కట్టి ఆ ఒక్క మూటను అక్కడ పెట్టాలి, మూట లోపల అనుమతులు భద్రంగా ఉంటాయి.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవారు గమనించవలసిన మరొక సంగతి ఉంది. ఎక్స్‌టీ4లో ఒక ఫైల్ పేరు 255 బైట్లకు మించకూడదు. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, వత్తు, గుణింతం కూడా విడి గుర్తులే. అంటే ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరమే నాలుగు గుర్తులు, 12 బైట్లు. మొత్తం మీద 85 గుర్తులు దాటిన పేరును ఎక్స్‌టీ4 ఒప్పుకోదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ మాత్రం 255 గుర్తుల వరకు ఒప్పుకుంటుంది. విండోస్‌లో పొడవైన తెలుగు పేరుతో దాచిన ఫైల్ లినక్స్ డిస్క్ మీదకు బ్యాకప్ అవుతున్నప్పుడు, వందల వరుసల మధ్య ఒక తప్పు సందేశం వచ్చి పైకి జరిగిపోతుంది. చివరి వరకు చదవకపోతే ఆ ఫైల్ రాలేదన్న సంగతే తెలియదు. పరిశోధన వ్యాసాల శీర్షికలనే ఫైల్ పేర్లుగా పెట్టుకునే విద్యార్థులకు ఇది తరచుగా ఎదురవుతుంది.

ఫైళ్లు భద్రంగా ఉంటే సిస్టమ్‌ను బ్యాకప్ చేయకపోయినా ఫరవాలేదనే వాదన కూడా ఉంది, దానిలో న్యాయం ఉంది. ఉబుంటు లేదా మింట్‌ను మళ్లీ ఎక్కించడానికి పెద్దగా సమయం పట్టదు. మీరు విడిగా ఎక్కించుకున్న ప్రోగ్రామ్‌ల జాబితాను ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అనే ఆదేశంతో ఒక ఫైల్‌లో రాయించి హోమ్‌తో పాటు దాచుకుంటే, వాటిని తిరిగి తెచ్చుకోవడం తేలిక. అయితే ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ డిస్క్ మొత్తాన్ని తుడవాలా అని అడిగే చోట పొరబడితే విండోస్ పోతుంది. ఆ తెర దగ్గర నిలకడగా చదివి, మునుపటి లినక్స్ పార్టిషన్‌ను చేతితో ఎంచుకోగలిగినవారికే ఈ దారి.

డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ ఆదేశం గురించి కొద్దిగా. అది ఖాళీ చోటును కూడా బిట్ బిట్‌గా కాపీ చేస్తుంది, మూలం, గమ్యం తారుమారైతే అడగకుండానే అసలు డిస్క్‌ను తుడిచేస్తుంది. పాడవుతున్న డిస్క్ నుంచి డేటా లాగవలసిన నిపుణులకు దానితో, దాని వంటి సాధనాలతో పని ఉంటుంది. మామూలు బ్యాకప్‌కు దానిని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. విండోస్‌లో ఉన్న సొంత బ్యాకప్ ఎక్స్‌టీ4ను చదవలేదు, కాబట్టి లినక్స్ భాగానికి దానిని నమ్ముకోకూడదు.

ఇక ఎవరికి ఏది తగునంటే, నా అభిప్రాయం ఇది. గాదంకి ప్రయోగశాల వాతావరణ సమాచారాన్నో, అటువంటి పెద్ద డేటానో లినక్స్‌లో విశ్లేషించే పరిశోధన విద్యార్థికి మూడూ కావాలి: టైంషిఫ్ట్, రోజువారీ ఆర్‌సింక్, మూడు నెలలకొక పార్టిషన్ ఇమేజ్. అతని లినక్స్‌లో ఏళ్ల తరబడి అమర్చుకున్న లైబ్రరీలు ఉంటాయి, వాటిని మళ్లీ కూర్చుకోవడానికి వారాలు పడుతుంది. అసలు పని విండోస్‌లో ఉండి, ఇంటర్నెట్‌కు, మెయిల్‌కు మాత్రమే లినక్స్ వాడే డీటీపీ ఆపరేటర్‌కు హోమ్ కాపీ, ప్రోగ్రామ్‌ల జాబితా చాలు. ఇమేజ్ మీద పెట్టే శ్రమను అతను విండోస్ ఫైళ్ల మీద పెట్టాలి. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే మండీలో లెక్కలు రాసే మనిషి సంగతి వేరు. జూన్, జూలై నెలలలో తోతాపురి వచ్చిపడుతుంటే అతనికి ఒక్క పూట కూడా కంప్యూటర్ ఆగకూడదు. అతను సీజన్‌కు ముందు, మే నెలలో, విండోస్, లినక్స్ రెండింటి పార్టిషన్ ఇమేజ్‌లనూ విడివిడిగా తీసుకుని, సీజన్ ముగిసేదాకా పెద్ద అప్‌డేట్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. విండోస్ ఇమేజ్ తీసే ముందు షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ చేయాలి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలోనే ఉండి ఇమేజ్ సరిగా రాదు.

ఇమేజ్‌ను ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎంపికలో భాగమే. యూఎస్‌బీ 2.0 తొర్రలో పెట్టిన డిస్క్‌కు సెకనుకు 35 మెగాబైట్లు దాటి రాయడం అరుదు కాబట్టి 40 జీబీకి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. అదే డిస్క్‌ను యూఎస్‌బీ 3.0 తొర్రలో పెట్టి సెకనుకు 100 మెగాబైట్లు అందుకుంటే ఏడు నిమిషాలు చాలు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు పోయిన క్షణాన సగం రాసిన ఇమేజ్ పనికిరాదు, రీస్టోర్ మధ్యలో పోతే పార్టిషనే పనికిరాదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులైన సంగతి ఇక్కడివారెవరూ మరువలేదు. ఇంటి కింది అంతస్తులో కంప్యూటర్ ఉన్నవారు బ్యాకప్ డిస్క్‌ను అదే బల్ల సొరుగులో పెట్టకుండా పై అంతస్తులోనో, బంధువుల ఇంట్లోనో ఉంచాలి.

ఎంచుకున్న పద్ధతిని ఒక్కసారైనా పరీక్షించి చూడాలి. క్లోనెజిల్లా ఇమేజ్ తీసిన వెంటనే అది తిరిగి పెట్టడానికి పనికొస్తుందో లేదో తనిఖీ చేయమంటారా అని అడుగుతుంది, ఆ అదనపు నిమిషాలను మిగుల్చుకోవద్దు. ఇంకా నమ్మకం కావాలంటే వాడని పాత డిస్క్ ఒకటి సంపాదించి, కంప్యూటర్ లోపలి డిస్క్‌ను విప్పి పక్కన పెట్టి, పాతదానిలో ఇమేజ్‌ను రీస్టోర్ చేసి, గ్రబ్‌ను ఎక్కించి, లినక్స్ తెరుచుకుంటుందో లేదో చూడవచ్చు. పని అయ్యాక ఆ పరీక్ష డిస్క్‌ను తీసేసిన తరువాతే అసలు డిస్క్‌ను తిరిగి బిగించాలి. రెండింటికీ ఒకే యూయూఐడీ ఉంటుంది కాబట్టి, రెండూ ఒకేసారి తగిలించి ఉంటే లినక్స్ ఏ డిస్క్ నుంచి తెరుచుకుంటుందో, మీరు రాసేది ఏ డిస్క్ మీదకు పోతుందో చెప్పలేము.